గోడ అవతలి మంద

పోయిన వారం మనం నల్లప్ప ఇంటి వాకిట్లో ఆగిపోయాం. శ్రావణమాసంలో దొంగలు పడి దొడ్డిలోని నలభై గొర్రెలనూ తోలుకుపోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో నవ్వన్నది లేదు. స్నేహితుడు శంకరప్ప తన ట్రాలీ ఆటోలో నల్లప్పను ఎక్కించుకుని సంత సంతకూ తిప్పాడు. ఒక్క గొర్రె జాడ కూడా తెలియలేదు. చివరికి ఆ శంకరప్పే బెంగుళూరులో ఒక మేస్త్రీతో మాట్లాడి మొగుడూ పెళ్ళాలకు పని చూశాడు. ఆదివారం పొద్దున బస్సు. నాలుగో తరగతి చదివే గంగాదేవి కూడా పోవాల్సిందే. అమ్మా నాయనా ఇటుకలు మోస్తుంటే చంటి తమ్ముణ్ణి ఎత్తుకునేవాళ్ళు కావాలి కదా.

"శుక్రవారం పెనుకొండలో నాటకం పోటీ ఉంది. అదొక్కటి ఆడేదాకా పిల్లను పంపించన్నా" అని ఫరీన్ టీచర్ బతిమాలితే నల్లప్ప సరేనన్నాడు. అన్నాడు గానీ, వాకిలి దాటుతున్న టీచర్‌ను వెనక్కి పిలిచి ఒక మెలిక పెట్టాడు.

"నాటకం ఆడనీ మేడమ్మా. మంద పిలుపు మాత్రం పిలవగూడదు."

పాయసం వండుకో, బెల్లం మాత్రం వెయ్యకు అన్నట్టుంది ఆ మాట. ఎందుకంటే నాటకమంతా ఆ పిలుపు మీదే నిలబడి ఉంది.

ఆ సంగతి తెలియాలంటే గువ్వలకుంటపల్లి బడి గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. రొద్దం మండలంలో అదొక చిన్న పల్లె. బడిలో ఇరవై మూడు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఫరీన్ రోజూ హిందూపురంలో ఏడింటి బస్సెక్కి, పరిగి మీదుగా వచ్చి, రోడ్డు మీద దిగి రెండు కిలోమీటర్లు నడిచి వస్తుంది. వచ్చిన కొత్తలోనే ఆమెకు ఒకటి అర్థమైంది. మూడో ఎక్కం అప్పజెప్పమంటే నేలచూపులు చూసే పిల్లలు, బోర్లించిన స్టీలు బిందె మీద దరువేసి అదే ఎక్కాన్ని పాడమంటే ముప్పై దాకా ఆగకుండా పోయారు. ఆ రోజు నుంచి ఆ బడిలో లెక్కలకు దరువు వచ్చింది, పద్యాలకు రాగం వచ్చింది, సైన్సు పాఠానికి వేషం వచ్చింది.

హెడ్మాస్టరు మార్కండేయులు మొదట్లో ముక్కు విరిచాడు. "ఇది బడా, భజన గుడా అమ్మా" అన్నాడు. అయితే ఆయన ధర్మవరంలో మగ్గం చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాడు. పిల్లలు అడుగు తప్పితే ఆయన ప్రాణం ఊరుకోలేదు. ఒకరోజు కుర్చీలోంచి లేచి వచ్చి, "మగ్గంలో కాలు తొక్కినాకే నాడె పోయేది. మీరు కాలూ చెయ్యీ ఒగేసారి ఆడిస్తే పోగులు తెగతాయిరా" అని తానే వేసి చూపించాడు. యాభై ఆరేళ్ళ మనిషి వరండాలో గెంతుతుంటే వంట చేసే ఆయమ్మ గరిటె పట్టుకుని వచ్చి చూసింది. అది మొదలు నాట్యం మాస్టారు ఆయనే.

నీళ్ళ పాఠం నుంచి ఈ నాటకం పుట్టింది. ఎండాకాలం. ఒక గొర్రెల కాపరి పదకొండు గొర్రెలను తోలుకుని కుంట నుంచి కుంటకు నీళ్ళు వెతుక్కుంటూ పోతుంది. గొర్రెలు దప్పికతో కూలబడతాయి. అప్పుడు కాపరి పిలుస్తుంది. ఆ పిలుపు విని అవి లేచి, ఆఖరి కుంట దాకా నడుస్తాయి. కాపరి గంగాదేవి. మందకు ముందు నడిచే పొట్టేలు షారుఖ్. బిందె మీద దరువు లిఖితది. లిఖిత మన ట్రాలీ ఆటో శంకరప్ప కూతురు, గంగకు ప్రాణ స్నేహితురాలు.

మొదటిరోజు గంగ "రాండి రాండి" అంటే పదకొండు మందీ పరిగెత్తుకొచ్చారు. గంగ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"గొర్లు అట్ల రావు మేడం. ఒగో మందకి ఒగో పిలుపు ఉంటాది. వేరేవాళ్ళు పిలిస్తే చెవి గూడా ఆడించవు."

"గొర్రె కసాయివాణ్ణి కూడా నమ్ముతుందంటారు కదే" అన్నాడు మార్కండేయులు నవ్వుతూ.

"మావి నమ్మవు సార్. మా నాయన పిలుపునే నమ్ముతాయి."

అంటూ పిలిచి చూపించింది. మొదట నాలుక మడిచి సన్నగా ఒక గలగల. తర్వాత గొంతు కింది నుంచి ఒక్క ఊపున పైకి లేచి, అక్కడ కాసేపు నిలిచి, మెల్లగా దిగింది. ఫరీన్ వెంటనే గుర్తుపట్టింది. సా నుంచి నేరుగా పా. నెల రోజులుగా హార్మోనియం యాప్ పెట్టి ఆమె పిల్లల చేత పలికించలేకపోయిన స్వరం అది. కొండ మీద ఆ పిలుపును ఇద్దరు పంచుకుంటారని గంగ చెప్పింది. మంద ముందున్న మనిషి పిలుపును పైకెత్తుతాడు, వెనకున్న మనిషి దాన్ని అందుకుని దించుతాడు. ముందు నాయన, వెనక తాను. రెండూ కలిస్తేనే మంద కదిలేది.

ఆ వారమే గంగ ఒక సంచి మోసుకొచ్చింది. దొంగలు గొర్రెల మెడల్లోని గంటలు కోసి దొడ్లో పారేసి పోయారట. ఆ గంటలే పిల్లల కాళ్ళకు గజ్జెలయ్యాయి.

ఫరీన్‌కు ఉత్సాహం వస్తే పట్టపగ్గాలుండవు. గంగ చెప్పిన మాటను ఆమె ఆటగా మార్చింది. పిల్లలు కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఎవరెవరో పిలుస్తారు. మార్కండేయులు పిలిచాడు, లిఖిత పిలిచింది, ఆయమ్మ పిలిచింది. అసలు పిలుపు వినకుండా కదిలినవాడు ఆటలోంచి అవుట్. మూడు వారాలు ఆడించింది. షారుఖ్ ఒక్కసారి కూడా అవుట్ కాలేదు. ముక్కు మీద ఈగ వాలినా కదలలేదు. ఆ ఆటే తన ముందరి కాళ్ళకు బంధమవుతుందని పాపం ఆమెకు తెలియదు.

సరే, నల్లప్ప మెలిక దగ్గరికి వద్దాం. "ఎందుకన్నా అట్లంటాండావు?" అని ఫరీన్ అడిగింది. నల్లప్ప ఖాళీ దొడ్డి వైపు చెయ్యి చూపించాడు.

"మంద లేనోడు మంద పిలుపు పిలిస్తే, పోయిన మంద ఇంక తిరిగి రాదంట మేడమ్మా. అది సాగనంపే పిలుపంట. మా నాయన చెప్పేటోడు. ఇన్నాళ్ళూ బళ్ళో పిల్ల తెలీక పిలిచింది, ఇంక వద్దు."

బస్సులో ఇంటికి పోతూ ఫరీన్ ఆ మాటే తలచుకుంది. మూటలు కట్టుకున్న మనిషి, వెతకడం మానేసిన మనిషి, లోపలెక్కడో ఇంకా ఆ మంద వస్తుందనే నమ్ముతున్నాడు. నమ్మకం లేకపోతే ఇంత పట్టింపు ఎందుకు? ఆమెకు ఏడుపొచ్చింది. ఆ నమ్మకాన్ని తాను తుంచకూడదనుకుంది. మర్నాడు పిలుపు బదులు పాడడానికి చిన్న పాట కట్టి గంగకు నేర్పింది. "ఈ పాట వినంగానే లేయండి" అని పిల్లలకు చెప్పింది. అందరూ తలలూపారు. తలలూపడానికేం, పిల్లలు అన్నిటికీ ఊపుతారు.

శుక్రవారం పొద్దున శంకరప్ప ట్రాలీ ఆటో బడి ముందు ఆగింది. బాడుగ వద్దన్నాడు. పైగా పిల్లలందరికీ తలా ఒక పల్లీ ఉండ పంచాడు. ఫరీన్ వాళ్ళమ్మ ఫాతిమాబీ పాత కంబళ్ళు కత్తిరించి మిషను మీద కుట్టిచ్చిన గొర్రె చొక్కాలు ఒక పెట్టెలో, బిందె ఒక మూల, మధ్యలో పిల్లలు. రొద్దం దాటేదాకా ఎక్కాలు పాడారు, దాటాక ఊళ్ళ పేర్లకు దరువేశారు. పెనుకొండ కొండ కనబడగానే పన్నెండు గొంతులూ ఒక్కసారి కేక పెట్టాయి. గంగ మాత్రం నాయన వస్తాడేమోనని వెనక రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

పోటీ ఒక హైస్కూలు గ్రౌండులో. గెలిచిన నాలుగు బడులు ధర్మవరం పోతాయి. గ్రౌండు వెనక మట్టిగోడ మొన్నటి వానలకు ఒకచోట కూలి ఉంది. దాని అవతల శనక్కాయ పీకేసిన చేను. ఎరువు కోసం చేనాయన మంద ఆపించుకున్నట్టున్నాడు, బొచ్చు కత్తిరించిన గొర్రెలు, వీపుల మీద ఎర్రరంగు పూసుకుని, దూరంగా చేనంతా పరుచుకుని మేస్తున్నాయి.

"మన నాటకానికి జనం ముందే వచ్చినారమ్మా" అన్నాడు మార్కండేయులు.

పిల్లలంతా గోడ ఎక్కి చూశారు. గంగ అటు వైపు తల కూడా తిప్పలేదు. మంద పోయినప్పటి నుంచి ఎవరి గొర్రెలనూ ఆ పిల్ల చూడదు.

వీళ్ళది ఏడో నంబరు. ఆరో నంబరు టౌను బడి పిల్లలు తళతళలాడే బట్టలు వేసుకుని, చెవులు చిల్లులు పడే స్పీకర్లో పాట పెట్టి ఆడి వెళ్ళారు. చప్పట్లు మోగాయి. మన పిల్లలు తమ కంబళి చొక్కాల వైపు చూసుకున్నారు. షారుఖ్ కళ్ళు పెద్దవయ్యాయి.

"వాళ్ళకి కరెంటు ఉండాది. మనకి గంటలుండాయి" అంది లిఖిత, బిందె చంకన పెట్టుకుంటూ. ఫరీన్ ఆ పిల్లను దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

దరువు మొదలైంది. మూడు అడుగులు, ఒక ఆగు. మూడు అడుగులు, ఒక ఆగు. పదకొండు మంది పిల్లల కాళ్ళ గంటలు ఒక్కటిగా మోగుతుంటే జడ్జి మేడమ్ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలెత్తారు. మార్కండేయులు కింద నిలబడి తనకు తెలియకుండానే కాలు తొక్కుతున్నాడు. మొదటి కుంట ఎండిపోయింది. రెండో కుంటలో బురద. గొర్రెలు ఒక్కొక్కటే కూలబడ్డాయి. గంగ కంబళి భుజాన వేసుకుని స్టేజి మధ్యలో నిలబడి, టీచర్ నేర్పిన పాట పాడింది.

గొర్రెలు లేవలేదు.

గంగ రెండోసారి పాడింది. పదకొండు మందీ కళ్ళు మూసుకుని రాళ్ళలా కూర్చున్నారు. స్టేజి పక్కనున్న ఫరీన్ ముందుకు వంగింది. "రేయ్ షారుఖ్, లెయ్యి" అని గుసగుసలాడింది. షారుఖ్ ఒక కన్ను మాత్రం తెరిచాడు.

"అది మన పిలుపు కాదు మేడం. లేస్తే అవుటయిపోతా" అన్నాడు అంతే గుసగుసగా.

మూడు వారాలు నూరిపోసిన చదువు, ఒక్క రోజులో చెరిగిపోతుందా. భయం పుట్టినచోట పిల్లలు మొదట నేర్చుకున్నదాన్నే పట్టుకున్నారు. ఫరీన్‌కు తన మీద తనకే కోపం వచ్చింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. లిఖిత చెయ్యి బిందె మీద ఆగిపోయింది. గంగ నోరు తెరిచింది, మూసుకుంది. పిలవాల్సిన పిలుపు ఆ పిల్ల గొంతులోనే ఉంది. నాయనకు మాటిచ్చింది కాబట్టి పిలవదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా చేత్తో తుడుచుకోకుండా నిటారుగా నిలబడింది. ఆ వయసుకు అంత నిబ్బరం ఎక్కడి నుంచి వచ్చిందో ఫరీన్‌కు అర్థం కాలేదు.

అప్పుడు గ్రౌండు గేటు దగ్గర ఒక మనిషి కనబడ్డాడు. భుజాన మడిచిన కంబళి, చేతిలో చెప్పులు. నల్లప్ప. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. కూతురు అతన్ని చూసింది. అతను కూతుర్ని చూశాడు. ఇద్దరి మధ్యా రెండు వందల మంది కూర్చుని ఉన్నారు.

ఫరీన్ అతని ముఖాన్నే చూస్తోంది. అతను కళ్ళు మూసుకున్నాడు. పోయిన మంద కోసం ఉన్న బిడ్డను నవ్వులపాలు చెయ్యాలా అన్నది ఆ ముఖంలో స్పష్టంగా కనబడింది. నాలుగు నెలలుగా దాచుకున్న ఆశను ఆ మనిషి అక్కడే, ఆ గేటు దగ్గరే వదిలేసుకున్నాడు. చెప్పులు కింద పడేసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచాడు.

సన్నటి గలగల. ఆపైన ఒక్క ఊపున లేచిన గొంతు. గ్రౌండు మీదుగా, జనం మీదుగా, స్టేజి దాటి వెనక గోడ దాకా పోయింది. పిలుపు పైన నిలిచిందో లేదో, స్టేజి మీద గంగ దాన్ని అందుకుంది. అందుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగానే, కొండ మీద దించినట్టే మెల్లగా కిందికి దించింది.

పదకొండు గొర్రెలూ ఒక్కసారి లేచాయి. షారుఖ్ తల విదిలించి ముందుకు దూకాడు. లిఖిత బిందె మీద పిడుగులు కురిపించింది. గంటలు ఘల్లుమన్నాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫరీన్ ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. ఎవరో "మే" అన్నారు. ఇంకెవరో అందుకున్నారు.

"పిల్లోళ్ళు బలే అరుస్తాండారే" అంది జడ్జి మేడమ్ పక్కాయనతో.

పిల్లలు అరవడం లేదని మొదట కనిపెట్టింది మార్కండేయులు. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి చూసి, గోడ వైపు చెయ్యి చూపించాడు.

కూలిన గోడ మీద ఒక గొర్రె నిలబడి ఉంది. వీపున ఎర్రరంగు. అది దూకింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మూడు, ఆ తర్వాత లెక్క పెట్టడం ఎవరి వల్లా కాలేదు. దుమ్ము లేపుకుంటూ, కుర్చీలు తోసుకుంటూ, టౌను బడి స్పీకరు వైరు తెంపుకుంటూ స్టేజి మీదికి వచ్చేశాయి. పదకొండు మంది కంబళి గొర్రెల మధ్యకు నిజం గొర్రెలు వచ్చి కలిసిపోయాయి. వాటిలో ఒక కుంటి గొర్రె గంగ కాళ్ళ దగ్గరికి వచ్చి ఆ పిల్ల లంగా కొస నోట కరుచుకుంది.

"చుక్కీ" అంది గంగ. కిందికి కూర్చుని దాని మెడ వాటేసుకుంది. తల్లి చచ్చిపోతే పాలసీసా పట్టి ఆ పిల్ల పెంచిన గొర్రె అది.

నల్లప్ప జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఒక్కోదాన్నీ తడుముతున్నాడు. చెవులు చూస్తున్నాడు, పళ్ళు చూస్తున్నాడు, పేరు పెట్టి పిలుస్తున్నాడు.

గోడ దూకి ఇంకో మనిషి వచ్చాడు. నెత్తికి తువ్వాలు చుట్టుకున్న గట్టి మనిషి. పేరు కదిరప్ప, చేనులో మంద ఆపింది అతనే.

"ఏమప్పా, ఎవురు నువ్వు? నా గొర్ల మీద చేయి యాల యేస్తాండావు?"

"నావి. ఇవి నావప్పా. శ్రావణంలో దొంగలు తోలకపోయినారు."

"దొంగలంటే నేనా? చెవులు చూడు. నా గుర్తు ఉండాది."

"నీ గుర్తు కింద నా గుర్తు చూడు. కొన చీలిక పెట్టింటి. దాని మీద నువ్వు అడ్డంగా కోసినావు."

"కొన్న గొర్రెకి ఎవురైనా తమ గుర్తు కోస్తారు. నేను దుడ్లిచ్చి కొన్నా."

మాటకు మాట పెరిగింది. ఇద్దరూ తువ్వాళ్ళు నడుముకు బిగించారు. జనం చుట్టూ మూగారు. నాటకం అయిపోయిందని ఎవరూ కదల్లేదు, అసలు నాటకం ఇప్పుడే మొదలైందన్నట్టు నిలబడ్డారు. జడ్జి మేడమ్ "పోలీసులకు ఫోను చెయ్యండి" అంటోంది. ఫరీన్‌కు మూడు వారాలు ఆడించిన ఆట గుర్తొచ్చింది. ఆమె ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది.

"కదిరప్పన్నా, నీ గొర్లు నీ పిలుపుకి వస్తాయి గదా?"

"రాకేమి?"

"అయితే గోడ కాడికి పోయి పిలువు. వచ్చినేటివి నీవి. రానివి ఎవురివో తర్వాత మాట్లాడదాం."

కదిరప్ప ధీమాగా గోడ దగ్గరికి పోయి, నాలుక చప్పరిస్తూ తన పిలుపు పిలిచాడు. ఒక గొర్రె తలెత్తి అటు నడిచింది. దాని వెనక కొన్ని కదిలాయి. గంగ చుక్కి మెడ మీద చెయ్యి తీసేసి, దూరంగా జరిగి నిలబడింది. ఆట నియమం ఆ పిల్లకు తెలుసు. చుక్కి కదల్లేదు. చెవి కూడా ఆడించలేదు.

కదిరప్ప మళ్ళీ పిలిచాడు, మళ్ళీ పిలిచాడు. వెళ్ళాల్సినవి వెళ్ళాయి. మిగిలినవి నల్లప్ప చుట్టూ అట్లాగే నిలబడ్డాయి.

"పిల్లలూ, లెక్కపెట్టండి" అంది ఫరీన్. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. కంబళి చొక్కాల పిల్లలు గొర్రెల మధ్య దూరి మూడో ఎక్కం దరువులో లెక్కపెట్టారు. కదిరప్ప వైపు పన్నెండు. పోయిన నలభైలో నల్లప్ప వైపు ముప్పై మూడు.

కదిరప్ప నెత్తి తువ్వాలు తీసి గోడ మీద కూలబడ్డాడు. చెడ్డవాడిలా లేడు. మోసపోయినవాడి ముఖంలా ఉంది. నల్లప్ప కూతుర్ని ఎత్తుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లను చంటిపిల్లలా భుజాన వేసుకున్నాడు.

"నాయనా, ఆదివారం బస్సు?" అంది గంగ.

"మంద ఉండంగా బస్సెందుకు పాపా? నువ్వు బడికి పో. ధర్మవరం పో. నాటకాలు ఆడు."

ఆ మాట వినడానికే తాను ఈ ఊరికి టీచరుగా వచ్చిందేమో అనిపించింది ఫరీన్‌కు. ఆమె సంతోషం పట్టలేక మార్కండేయులు చెయ్యి పట్టుకుని ఊపేసింది. జడ్జి మేడమ్ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఏడో నంబరు ధర్మవరం పోతుంది, రాసుకోండి" అంది గుమస్తాతో. "గొర్రెలు మాత్రం వద్దు."

"ధర్మవరంలో మా ఇంట్లోనే భోజనాలు" అని ప్రకటించేశాడు మార్కండేయులు.

కానీ కదిరప్ప లేచి వచ్చి నల్లప్పకు అడ్డంగా నిలబడ్డాడు. ఈసారి గొంతు పెంచలేదు.

"ఇవి నీవే అప్పా. నా కండ్లతో చూసినా. అయితే నేను దొంగను కాదు. నాకి అమ్మినోడు పది మందిలో ఒప్పుకోవల్ల. అంతదాకా ఒగ గొర్రెను గూడా ఈ గోడ దాటనీను. వానిపాటికి వాడు పోతే నా కుటుంబం వీధిన పడతాది."

"యాడుంటాడప్పా వాడు? యాడని వెతకల్ల?" అన్నాడు నల్లప్ప. కూతురి వీపు మీద అతని చెయ్యి బిగుసుకుంది. నాలుగు నెలలు వెతికిన మనిషి అతను.

"వెతికేదేముంది. పొద్దున ఆ గేటు కాడ చూసినా. మీ పిల్లోళ్ళను ట్రాలీ ఆటోలోనుంచి దించతాన్యాడు. నన్ను చూసి మొగం తిప్పుకున్యాడు."

నల్లప్పకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఫరీన్‌కు ఎక్కింది. సంత సంతకూ తిప్పిన ఆటో. గొర్రెలు లేని సంతలకే తిప్పిన ఆటో. బెంగుళూరులో చూసిపెట్టిన పని. బాడుగ లేకుండా ఎక్కించుకున్న పిల్లలు, తలా ఒక పల్లీ ఉండ. ఆమె గేటు వైపు చూసింది. అందరూ చూశారు. ట్రాలీ ఆటో ఆగి ఉన్న చోట పిల్లల బట్టల పెట్టె ఒక్కటి నేల మీద పడి ఉంది.

లిఖిత బిందె పట్టుకుని ఫరీన్ పక్కకు వచ్చి నిలబడింది. ముఖంలో ఇంకా గెలిచిన వెలుగు తగ్గలేదు. ఎవరికీ తెలియని సంగతి తనకొక్కదానికే తెలుసన్న సంబరంతో టీచరు కొంగు పట్టి లాగింది.

"మా నాయన కోసమా మేడం? గొర్లు గోడ దూకతానే పోయినాడు. ఎవురికీ చెప్పద్దన్యాడు."